జలుబు లేని జ్వరాన్ని ఫ్లూ అనుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా ఆయనకు 41 ఏళ్లు. రెండెకరాల సేద్యం, నాలుగు గేదెలు ఉన్నాయి. ఏడు రోజులుగా ఆయనకు జ్వరం. మొదటి రోజే చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులతో మంచం పట్టారు. జలుబు లేదు, గొంతునొప్పి లేదు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు ‘ఇది ఫ్లూ, వైరల్ ఫీవర్, ఇప్పుడు సీజనే అలా ఉంది’ అని ఇంజెక్షన్లు చేసి సెలైన్ పెట్టారు. నాలుగో రోజు రక్తపరీక్ష చేయిస్తే విడాల్ టెస్టులో టైఫాయిడ్ పాజిటివ్ అన్నారు, ప్లేట్‌లెట్లు 98 వేలు వచ్చాయి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మూడు రోజులు చేశారు. జ్వరం తగ్గలేదు. నిన్నటి నుంచి పొడి దగ్గు, కాస్త ఆయాసం. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగ్యూయే అని చుట్టాలందరూ టెన్షన్ పెడుతున్నారు. అసలు ఇది ఫ్లూయేనా? ఇంట్లో ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న మా అత్తగారు ఉన్నారు. పిల్లల్ని మా పుట్టింటికి పంపేయాలా?

సమాధానం:

అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, కారణాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఏడు రోజుల జ్వరానికి ఆయాసం తోడైందంటే ఇక ఇంటి దగ్గర మరో ఇంజెక్షన్, మరో సెలైన్ అంటూ ఆగకూడదు. మీ ఉత్తరం అందగానే ఫోన్ చేసి చెప్పిన మాటే ఇక్కడా రాస్తున్నాను: ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆక్సిజన్ ఉన్న ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో ఆ రోజే తీసుకెళ్లాలి. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు చుట్టుపక్కల ఎవరింట్లోనైనా ఉంటే వేలికి పెట్టి చూడండి. 94 కంటే తక్కువ చూపించినా, మాట తికమకగా ఉన్నా, మగతగా పడి ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, కళ్లు పచ్చబడినా బస్సు కోసమో ఆటో కోసమో ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆక్సీమీటరులో అంకె బాగానే ఉందని ఆసుపత్రి ప్రయాణం మాత్రం మానుకోకండి.

వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అందుకే మిగతా పాఠకులకు కూడా పనికొచ్చేలా కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫ్లూ అంటే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వచ్చే జబ్బు. అది ప్రధానంగా ముక్కు, గొంతు, శ్వాసనాళాలను పడుతుంది. వైరస్ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. వాటితో పాటే, లేదంటే మర్నాటికల్లా, గొంతునొప్పి, పొడి దగ్గు వస్తాయి. వేరే జబ్బులేమీ లేనివాళ్లలో జ్వరం చాలావరకు మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. దగ్గు, నీరసం మాత్రం మరో వారం రెండు వారాలు వేధిస్తాయి. మీ ఆయనకు ఐదు రోజుల పాటు దగ్గు లేదు, గొంతునొప్పి లేదు, జ్వరం ముదిరాక దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. ఈ వరుస ఫ్లూకు సరిపోదు. వేరే జబ్బేదో ఒళ్లంతా పాకి, ఇప్పుడు ఊపిరితిత్తుల దాకా వచ్చిందేమో అని ఆలోచించాలి.

అలాంటప్పుడు మొదట్లో ఫ్లూలా ఎందుకు కనిపించింది? చలి, ఒళ్లునొప్పులు, తలనొప్పి, నీరసం, ఆకలి చచ్చిపోవడం, వీటిని తెచ్చిపెట్టేది చాలావరకు క్రిమి కాదు. క్రిమిని ఎదుర్కోవడానికి మన ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. గుడిలో గంట ఎవరు కొట్టినా మోత ఒక్కటే. అలాగే లోపలికి వచ్చింది ఫ్లూ వైరస్ అయినా, డెంగ్యూ వైరస్ అయినా, మలేరియా పరాన్నజీవి అయినా మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు ఇంచుమించు ఒకేలా స్పందిస్తుంది. మొదటి రోజున ‘వైరల్ ఫీవర్’ అన్నందుకు మీ ఆర్ఎంపీని నేను తప్పుపట్టను. అర్ధరాత్రి పిలిస్తే ఊళ్లో పలికేది ఆయనొక్కరే. కానీ ఐదో రోజు దాటాక కూడా అదే మాట పట్టుకుని కూర్చోవడం ప్రమాదం. ఐదు రోజులు దాటిన జ్వరానికి కారణం వెతికి తీరాలి.

మీ ఉత్తరంలో నాకు మొదట కనిపించిన ఆధారం గేదెలు. గేదెలున్న రైతు గడ్డి కోస్తాడు, గట్ల మీద కూర్చుంటాడు, పొదల్లో తిరుగుతాడు. వానల తర్వాత, చలికాలంలో అలాంటివారికి వారం రోజుల జ్వరం, విపరీతమైన తలనొప్పి, తగ్గిన ప్లేట్‌లెట్లు, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగకపోవడం, ఆ తర్వాత పొడి దగ్గు, ఆయాసం కనిపిస్తే నేను ముందుగా స్క్రబ్ టైఫస్ గురించి ఆలోచిస్తాను. పేరు దగ్గరగా ఉన్నా దీనికీ టైఫాయిడ్‌కీ సంబంధం లేదు. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్లలు కుట్టినప్పుడు ఓరియెన్షియా అనే బాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. ఆ పురుగు పిల్ల ఎంత చిన్నదంటే కంటికి ఆనదు. కుట్టినప్పుడు నొప్పి కూడా ఉండదు. జ్వరం వచ్చేది ఆరు రోజుల నుంచి మూడు వారాల తర్వాత. అప్పటికి ఏ పొలంలో, ఏ గట్టు మీద ఏం కుట్టిందో ఎవరికి గుర్తుంటుంది? రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను మంచాన పడేసిన జబ్బు ఇదే. అది అడవుల జబ్బు, మనది కాదు అనుకోవడానికి లేదు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఉత్తరాంధ్ర దాకా మన ఆసుపత్రులు దీన్ని బాగా చూస్తున్నాయి. తెలంగాణలోనూ ఉంది.

ఈ జబ్బుకు ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. పురుగు కుట్టినచోట అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వెడల్పున, చుట్టూ ఎర్రగా, మధ్యలో నల్లటి పక్కు కట్టి, కాలిన మచ్చలా ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగి దాని గురించి చెప్పడు. పైగా అది ఉండే చోట్లు నలుగురిలో చూపించేవి కావు: చంకలు, గజ్జలు, మర్మాంగాల దగ్గర, పిరుదులు, మొలతాడు కట్టే చోటు, బొడ్డు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, తలలో జుట్టు కింద, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద కూడా. బనీను, లుంగీ తీయించకుండా నాడి పట్టుకుని పంపేస్తే అది దొరకదు. మీరే మంచి వెలుతురులో నెమ్మదిగా ఒళ్లంతా చూడండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. దాని దగ్గర్లో, అంటే గజ్జల్లోనో చంకలోనో, బిళ్ల కట్టిందేమో చేత్తో తడిమి చూడండి. మచ్చ కనిపిస్తే ఫోన్‌లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. చాలాసార్లు ఆ ఒక్క మచ్చే జబ్బు పేరు చెప్పేస్తుంది. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు, చాలామందిలో అది కనిపించదు. వాళ్లకు స్క్రబ్ టైఫస్ ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష ఉంది. మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తే నెగటివ్ రావచ్చు, వారం దగ్గర పడ్డాక నమ్మకం పెరుగుతుంది.

నేను దీని గురించి ఇంతగా రాయడానికి కారణం దీని మందు. డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మాత్ర. సమయానికి మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అదే మందు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, కాలేయం, మెదడు దెబ్బతిని వెంటిలేటరు దాకా వెళ్లినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. కొన్ని రూపాయల మాత్ర అందక ప్రాణం పోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. మీ ఆయనకు చేసిన సెఫ్ట్రియాక్సోన్ మంచి మందే, కానీ ఈ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది, దాని మీద ఆ మందు పనిచేయదు. గట్టి అనుమానం ఉన్నప్పుడు రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్లు డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, అదే సరైన పద్ధతి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు తీవ్రంగా ఉంటే ఈ రెండు మందులూ కలిపి రక్తనాళంలోకి ఇవ్వడం మేలని మన దేశంలోనే వెల్లూరు వైద్యుల ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం చూపించింది. ఇదంతా చదివి మందుల షాపులో డాక్సీసైక్లిన్ కొని ఇంట్లోనే వేసేయకండి. ఆయాసం ఉన్న మనిషికి మాత్ర ఒక్కటే చాలదు. అసలు ఆయనకు స్క్రబ్ టైఫసే అని నేను తేల్చడం లేదు. ఆ అనుమానాన్ని మీ డాక్టరు ముందు పెట్టమంటున్నాను, అంతే.

మడిలో నీళ్లలో చెప్పుల్లేకుండా దిగే రైతుకు రావడానికి అవకాశమున్న రెండో జబ్బు లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరం అంటారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద కాళ్ల పగుళ్లకు తగిలితే వస్తుంది. పిక్కలు నొక్కితే అరిచేంత నొప్పి, పుసి లేకుండానే కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రం ఆగిపోతుంది. సెఫ్ట్రియాక్సోన్ దీనికి పనిచేస్తుంది కాబట్టి మీ ఆయన విషయంలో అనుమానం కొంత తగ్గుతుంది. అయినా పరీక్ష చేయించడంలో తప్పులేదు.

ఇక ప్లేట్‌లెట్ల భయం. ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి జ్వరమూ డెంగ్యూ కాదమ్మా. స్క్రబ్ టైఫస్‌లో తగ్గుతాయి, ఎలుక జ్వరంలో తగ్గుతాయి, మలేరియాలో తగ్గుతాయి, మామూలు వైరల్ జ్వరాల్లోనూ కొంత తగ్గుతాయి. డెంగ్యూకు ఏ రోజున ఏ పరీక్ష అన్నది ముఖ్యం. మొదటి ఐదు రోజుల్లో వైరస్‌ను పట్టే ఎన్ఎస్1, ఆ తర్వాత దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టే ఐజీఎం. ఏడో రోజున ఎన్ఎస్1 ఒక్కటే చేసి నెగటివ్ వచ్చిందని ఇంటికి పంపితే సగం పనే జరిగినట్టు. డెంగ్యూలో అసలు ప్రమాదం ప్లేట్‌లెట్ల అంకెలో కన్నా రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడంలో ఉంటుంది. అది కూడా జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, దిగిపోతున్నప్పుడు, అంటే సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. ‘జ్వరం తగ్గింది, బతికిపోయాం’ అనుకునే ఆ సమయంలోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. డాక్టర్లు ప్లేట్‌లెట్లతో పాటు రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హెమటోక్రిట్ అనే అంకెను రోజూ చూసేది ఇందుకే. 98 వేలు భయపడాల్సిన సంఖ్య కాదు. రక్తస్రావం లేకపోతే పది వేల దిగువకు పడేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు.

విడాల్ గురించి గట్టిగానే చెప్పాలి. మన ప్రాంతంలో టైఫాయిడ్ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు తగిలినవాళ్లు చాలామంది. వాళ్ల రక్తంలో పాత గుర్తులు మిగిలే ఉంటాయి. ఇప్పుడొచ్చింది ఏ జ్వరమైనా విడాల్ పాజిటివ్ రావచ్చు. ఒక్క విడాల్ పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చడం వల్ల అసలు జబ్బుకు వైద్యం ఆలస్యమైన సందర్భాలు ఎన్నో. టైఫాయిడ్ జ్వరం సాధారణంగా ఒక్కరోజులో మంచాన పడేయదు, రోజురోజుకీ మెల్లగా పెరుగుతుంది. దాన్ని తేల్చే పరీక్ష బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. మీ ఆయనకు ఇప్పటికే మూడు రోజుల మందు పడింది కాబట్టి కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు, అయినా చేయించాలి. టైఫాయిడ్‌లో సరైన మందు ఇచ్చినా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. మూడు ఇంజెక్షన్లకు తగ్గలేదన్న ఒక్క కారణంతో టైఫాయిడ్ కాదనడం కూడా తొందరపాటే.

మలేరియా పరీక్షను ఎవరూ వదిలేయకూడదు. దోమలో ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పటికీ ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లొచ్చినవాళ్లకు జ్వరం వస్తే మొదటి రోజే రక్తపు పూత పరీక్ష చేయాలి. ఒకసారి నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే మర్నాడు మళ్లీ చేయాలి. కరోనా కూడా ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు దగ్గు, ఆయాసం ఉన్నాయి కాబట్టి ఫ్లూకూ కరోనాకూ ముక్కులోంచి స్వాబ్ తీస్తారు. ఫ్లూ అని తేలితే ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. అది మొదటి 48 గంటల్లో బాగా పనిచేస్తుంది, ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా ఉంటే తర్వాతైనా ఇస్తారు.

ఇవన్నీ కాక ఫ్లూలా కనిపించి మోసం చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. మీ ఆయనకు ఇవి వర్తించకపోవచ్చు గానీ చదివేవారిలో ఎవరికో ఒకరికి పనికొస్తాయి. రెండు వారాలు దాటిన సాయంకాలపు జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ కోసం కళ్లె పరీక్ష చేయించాలి. నడుముకు ఒక పక్క నొప్పి, మూత్రంలో మంట, వణుకుతో చలి వస్తే అది కిడ్నీ ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆడవాళ్లలో ఇది ఎక్కువ. రక్షణ లేని లైంగిక సంబంధం జరిగిన రెండు నుంచి నాలుగు వారాలకు జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దు వస్తే భయపడి దాచుకోకుండా హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ వాడుతున్నవాళ్లకు గొంతునొప్పితో జ్వరం వస్తే మాత్ర ఆపి, ఆ రోజే తెల్లకణాలు లెక్కించాలి. ఆ మందు కొందరిలో తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది.

కొన్నిటిలో జ్వరమే ఉండదు, అయినా జనం ఫ్లూ అనుకుంటారు. చలికాలంలో తలుపులు బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకున్నా, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ వాడినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం వస్తాయి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఇలా వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే వెంటనే తలుపులు తెరిచి అందరూ బయటికి రావాలి, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించుకోవాలి. పొలంలో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి ఆ సాయంత్రమే తలనొప్పి, చెమటలు, నోట్లో చొంగ ఊరడం, చూపు మసకబారడం వస్తే అది జ్వరం తెచ్చిన నీరసం కాదు, మందు విషం. బట్టలు మార్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంతవరకు చేసిన ఇంజెక్షన్ల పేర్లు ఒక కాగితం మీద రాయించుకెళ్లండి. ఖాళీ సీసాలు దొరికితే ఇంకా మంచిది. వాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందా అని ప్రత్యేకంగా అడగండి. దాని వల్ల జ్వరం కొన్ని గంటలు దిగినట్టు కనిపించి అసలు జబ్బును కప్పేస్తుంది. డెంగ్యూ కాదని తేలేదాకా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు వద్దు. జ్వరానికి పారాసెటమాల్ 650 చాలు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మాత్రలకు మించకుండా. తాగుడు అలవాటున్నా, కాలేయం జబ్బున్నా డాక్టరుకు ముందే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. పొలం పని, గడ్డి కోత, గేదెల సంగతి అడక్కపోయినా చెప్పండి. ‘స్క్రబ్ టైఫస్, లెప్టో, మలేరియా, డెంగ్యూ ఐజీఎం చేస్తారా?’ అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. ఏ మంచి డాక్టరూ దానికి నొచ్చుకోడు.

పిల్లల్ని పుట్టింటికి పంపే తొందర అక్కర్లేదు. స్క్రబ్ టైఫస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. డెంగ్యూ, మలేరియా మనిషి నుంచి నేరుగా రావు, దోమ ద్వారా వస్తాయి కాబట్టి ఆయన్ని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. తొట్లలో, పాత టైర్లలో నిల్వ నీళ్లు పారబోయండి. పిల్లలు గేదెల వెంట గట్ల మీద తిరుగుతుంటే నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేయండి. ఇంటికి రాగానే స్నానం చేయించి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకండి. వాళ్లకు జ్వరం వచ్చినా అదే మచ్చ కోసం ఒళ్లంతా వెతకండి. పెద్దలకిచ్చే డాక్సీసైక్లిన్‌నే బరువును బట్టి పిల్లలకూ ఇస్తారు, కొద్ది రోజుల కోర్సుకు పళ్లు పచ్చబడతాయన్న భయం అక్కర్లేదు. స్వాబ్‌లో ఫ్లూ అనో కరోనా అనో తేలితే మాత్రం ఇంట్లో ఎక్కువ ప్రమాదం పిల్లలకు కాదు, మీ అత్తగారికి. ఆ ఫలితం వచ్చేదాకా ఆమెను ఆయన గదిలోకి రానివ్వకండి. ఆసుపత్రిలో తోడు ఉండటానికి ఆమెను కాకుండా, షుగర్, ఉబ్బసం లాంటివి లేని మరొకరిని మాస్కు పెట్టుకుని ఉండమనండి.